వణికే గొంతు వెనకాల ఏముంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆత్మవిశ్వాసం గురించే. 'పెంచుకోవడం ఎలా?' అని దాదాపు అందరూ ఒకే మాట అడిగారు. వాటిలోంచి ఐదు ఎంచుకున్నాను. పైకి ఒకేలా కనిపిస్తున్నా ఈ ఐదింటి వెనకా ఉన్న కారణాలు వేరు, అందుకే జవాబులూ వేరు. మొదటిదానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. అలాంటి బాధతో రాసేవాళ్లే ఎక్కువ. ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను.

ప్రశ్న: మేడమ్, నా వయసు 34. పదేళ్లకు పైగా అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. తప్పులు చేయనని ఆఫీసులో పేరుంది. కానీ మీటింగులో నా వంతు వచ్చేసరికి గొంతు వణుకుతుంది, మొహం వేడెక్కిపోతుంది. పబ్లిక్ స్పీకింగ్ కోర్సు చేశాను. గొంతుకు వ్యాయామాలు చేశాను. బట్టలు మార్చాను, నిలబడే తీరు మార్చాను. రోజూ పొద్దున్నే అద్దం ముందు 'నేను ధైర్యవంతురాలిని' అని చెప్పుకుంటున్నాను. కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. ఈమధ్య టీమ్ లీడ్‌గా ఉండమంటే ఇంట్లో కుదరదని అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అక్క తెలివైనది, నేను బుద్ధిమంతురాలిని. ఇది రాయాలో వద్దో తెలీదు గానీ రాస్తున్నాను. నేనింకా ఏం నేర్చుకోవాలి?

జవాబు: రాయాలో వద్దో తెలీదంటూనే రాసిన ఆ విషయం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఉత్తరంలో మిగతాదంతా మీ గొంతు గురించి ఉంది. అక్కా చెల్లెళ్ల మాట ఒక్కటే మీ గురించి ఉంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మీరు చేసిన కోర్సు, వ్యాయామాలు వృథా అనను. మాట్లాడే పద్ధతి నేర్చుకోవడం మంచిదే. కాకపోతే అవన్నీ గొంతును సరిచేసే ప్రయత్నాలు. ఆ గొంతు దేనికి భయపడుతోందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, మీరూ అడగలేదు. ముల్లు లోపలే ఉంచి పైన మందు రాస్తే వాపు కొన్నాళ్లు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది.

ఒక కాగితం తీసుకోండి. పైన 'మీటింగులో నా గొంతు వణుకుతుంది' అని రాయండి. కింద బాణం గుర్తు వేసి, 'వణికితే ఏమవుతుంది?' అని అడగండి. 'అందరూ గమనిస్తారు.' మళ్లీ బాణం. 'గమనిస్తే?' 'నాకు కంగారని తెలిసిపోతుంది.' 'తెలిస్తే?' 'నాకు విషయం రాదనుకుంటారు.' 'అనుకుంటే, దాని అర్థమేంటి?' ఇక్కడికి వచ్చేసరికి చాలామంది పెన్ను ఆపేస్తారు. కాసేపటికి బయటికి వచ్చే మాట ఇంచుమించు ఇలా ఉంటుంది: 'నిజానికి నేను అంత తెలివైనదాన్ని కాను, ఇన్నాళ్లూ జాగ్రత్తగా నెట్టుకొచ్చాను, ఇప్పుడు బయటపడిపోతుంది.' మీ కాగితం మీద ఏం వస్తుందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. కానీ మీరు రాసిన ఆ అక్కాచెల్లెళ్ల వాక్యం చూస్తే, దీనికి దగ్గరగానే ఉంటుందనిపిస్తోంది. ఈ బాణాల పద్ధతి కాగ్నిటివ్ థెరపీలో, అంటే ఆలోచనలను పరీక్షించి సరిచేసే చికిత్సలో భాగం. ఆ థెరపీకి పునాది వేసింది 1960ల్లో అమెరికన్ సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్. పైపైన మెదిలే ఆలోచనల కింద, మన గురించి మనం ఎప్పుడో తీసుకున్న ఒక గట్టి తీర్మానం ఉంటుందన్నది ఆయన చెప్పిన ముఖ్యమైన విషయం.

ఆ తీర్మానంతో రోజూ బతకడం కష్టం. అందుకని మనసు దాని మీద ఒక నియమం కట్టుకుంటుంది. ఆత్మగౌరవం తక్కువగా ఉండటం గురించి మెలనీ ఫెనెల్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ 1997లో ఈ సంగతిని చాలా స్పష్టంగా వివరించారు. మీ విషయంలో ఆ నియమం 'తప్పు చేయనంతకాలం నాకు చోటుంటుంది' అని కావచ్చు. తప్పులు చేయనని మీకున్న పేరు ఆ నియమం పుణ్యమే. పదేళ్ల మంచి పనితనం ఉన్న మనిషికి ధైర్యం ఎందుకు పెరగలేదన్నదానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. పని బాగా జరిగిన ప్రతిసారీ ఆ గొప్ప మీ ఖాతాలో పడటం లేదు. 'జాగ్రత్తగా ఉన్నాను కాబట్టి గట్టెక్కాను' అని నియమం ఖాతాలో పడుతోంది. ఇంకో పదేళ్లు ఇలాగే మెప్పు పొందినా మీ గురించి మీకున్న అభిప్రాయం మారదు. లెక్కలు చూసే మీకు ఇది వేరేవాళ్లకంటే త్వరగా అర్థమవుతుందని నా నమ్మకం.

మరి చిన్నప్పటి మాట ఇన్నేళ్ల తర్వాత ఎందుకు బతికుంది? దాన్ని రోజూ బతికిస్తున్న పనులు ఉన్నాయి కాబట్టి. నేను ముఖ్యంగా పట్టించుకునేది వీటినే. డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే సైకాలజిస్టులు 1995లో సోషల్ యాంగ్జైటీ (నలుగురి ముందు కలిగే భయం) గురించి రాసినప్పుడు వీటిని రక్షణ కోసం చేసే పనులుగా గుర్తించారు. మీరు మీటింగుకి ముందు చెప్పాల్సిన ప్రతి వాక్యం రాసుకుంటున్నారా? పెన్ను గట్టిగా పట్టుకుంటున్నారా? త్వరగా ముగించాలని గబగబా మాట్లాడుతున్నారా? ఎవరి కళ్లలోకీ చూడటం లేదా? ఇవన్నీ మిమ్మల్ని కాపాడుతున్నట్టే అనిపిస్తాయి. కానీ మీటింగు సవ్యంగా జరిగితే 'రాసుకున్నాను కాబట్టి సరిపోయింది' అనుకుంటారు. అసలు భయం నిజమో కాదో తేలనే తేలదు. పైగా గబగబా మాట్లాడితే ఊపిరి అందక గొంతు ఇంకా వణుకుతుంది.

ఇంకొకటి. ఆ సమయంలో మీ ధ్యాసంతా మీ మీదే ఉంటుంది. గొంతులో కలిగే వణుకు మీకు లోపలి నుంచి తెలుస్తుంది కాబట్టి, బయటికి కూడా అంతే వినిపిస్తోందని నమ్ముతారు. 2000లో థామస్ గిలోవిచ్, ఆయన తోటి పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. వేసుకోవడానికి ఇబ్బందిపడేలా ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థుల్ని తోటివాళ్లున్న గదిలోకి పంపారు. బొమ్మ ఎవరిదో గదిలో దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్లు అంచనా వేశారు. నిజంగా గమనించింది సుమారు పావు వంతు మంది. మీరు కూడా ఈసారి మీ మాట రికార్డు చేసుకోండి. వినడానికి ముందే, అది ఎంత ఘోరంగా ఉంటుందో పదికి ఎన్ని మార్కులో రాయండి. తర్వాత, ఎవరో పరిచయం లేని మనిషి గొంతు విన్నట్టు వినండి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

అద్దం ముందు చెప్పుకునే మాట ఆపేయమని నా సలహా. 2009లో కెనడాలో జోఆన్ వుడ్ బృందం చేసిన పరిశోధనలో, ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవాళ్లు 'నేను ప్రేమించదగిన మనిషిని' అని పదే పదే చెప్పుకున్నాక, చెప్పుకోనివాళ్లకంటే ఎక్కువ దిగులుగా ఉన్నారు. నమ్మని మాట చెప్పుకుంటే మనసు వెంటనే ఎదురు సాక్ష్యాలు తీస్తుంది. 'ధైర్యవంతురాలివా? మొన్న ఏం చేశావు?' అని అడుగుతుంది. పొద్దున్నే ఆ వాదన ఎందుకు మొదలుపెట్టుకోవాలి?

దాని బదులు పరీక్ష పెట్టండి. వచ్చే మీటింగుకి ఒక్క రక్షణ పని మాత్రం వదిలేయండి. మొదట రాసుకునే అలవాటును ముట్టుకుందాం. ఒక ప్రశ్న ముందుగా రాసుకోకుండా, అప్పటికప్పుడు తోచిన మాటల్లో అడగండి. ఏం జరుగుతుందని భయపడుతున్నారో ముందు రాయండి, ఏం జరిగిందో తర్వాత రాయండి. 'అందరూ అదోలా చూశారు' అని రాయొద్దు. ఎవరు ఏమన్నారు, ఏం చేశారు, అంతే రాయండి. అది అలవాటయ్యాక దీనికంటే పెద్దది ఒకటుంది. ఎవరైనా మీకు వెంటనే తెలియని అంకె అడిగినప్పుడు, తడుముకోకుండా, క్షమాపణ చెప్పకుండా, 'ఇప్పుడు నా దగ్గర లేదు, చూసి సాయంత్రం చెప్తాను' అనండి. మీ నియమానికి ఇది సూటిగా తగులుతుంది. ఆ మాటన్నాక కూడా మీ చోటు మీకే ఉందని మీరు స్వయంగా చూడాలి. నేను వంద సార్లు చెప్పినా అది మీరు ఒక్కసారి చూసినదానితో సమానం కాదు.

మీటింగు అయ్యాక రాత్రి పడుకుని ఒక్కో మాటా తిరగతోడుకునే అలవాటు ఉంటే దాన్నీ ఆపాలి. రాసుకున్న కాగితం మడిచి పెట్టాక ఆ రోజుకి విచారణ పూర్తయినట్టే.

ఇక ఇంట్లో విన్న మాట గురించి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరికీ చెరొక పేరు పెట్టడం మామూలే. చాలాసార్లు అది మెచ్చుకోవడానికే. కానీ అక్కను 'తెలివైనది' అన్నప్పుడు, ఆ మాట తనకు లేదని అర్థం చేసుకున్నది అప్పటి చిన్న పిల్ల. ఆ వయసులో చేసుకున్న అర్థాన్ని 34 ఏళ్ల మనిషి మళ్లీ చదివి సరిచూడొచ్చు. దానికోసం నాన్నగారితోనో అక్కతోనో తగువు పడక్కర్లేదు. మీ జీవితంలో ఆ తీర్మానానికి సరిపడని సంఘటనలు రాస్తూ వెళ్లండి: మీరు తప్పు చేసినా ఎవరూ దూరం కాని రోజులు, మీరు సొంతంగా తేల్చిన చిక్కులు, మిమ్మల్నే సలహా అడిగినవాళ్లు.

టీమ్ లీడ్ అవకాశం గురించి మీ పైఅధికారితో ఈ నెలలోనే మాట్లాడండి. 'అప్పుడు కుదరదన్నాను, ఇప్పుడు చేయాలనుంది, అవకాశం ఉంటే చెప్పండి' అంటే చాలు. గొంతు వణకడం ఆగేదాకా ఎదురుచూడకండి. వణుకుతూనే అడగండి. ఇవన్నీ ఒంటరిగా చేయడం బరువనిపిస్తే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేసే సైకాలజిస్టును కలవండి. ఈ సమస్యకు అది బాగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. నిన్నమొన్నటిదాకా క్లాసులో ముందుండేది. ఇప్పుడు కష్టమైన లెక్క కనిపిస్తే పుస్తకం మూసేస్తుంది, పోటీ పరీక్షలకు పేరివ్వదు. 'నువ్వు జీనియస్‌వి, నీకేంటి భయం' అని రోజూ ధైర్యం చెప్తున్నాం. ఎంత చెప్తే అంత వెనక్కి పోతోంది. ఎక్కడ లోపం?

జవాబు: మీరు ప్రేమతో అంటున్న ఆ మాటే తనకు బరువై ఉండొచ్చు, సార్. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు ప్రచురించిన ప్రయోగాల్లో అయిదో తరగతి పిల్లలకు పజిల్స్ ఇచ్చి, కొందరితో 'నువ్వు తెలివైనవాడివి', కొందరితో 'బాగా కష్టపడ్డావు' అన్నారు. తర్వాత ఏ రకం లెక్కలు కావాలో ఎంచుకోమంటే, తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది తేలికైనవే కోరుకున్నారు. మధ్యలో కష్టమైనవి ఇచ్చి, ఆ తర్వాత మళ్లీ మొదటి స్థాయివే ఇస్తే వాళ్ల మార్కులు మొదటిసారికంటే తగ్గాయి. తమ మార్కులు వేరే పిల్లలకు రాసి చెప్పమంటే వాళ్లలో దాదాపు 40 శాతం మంది ఎక్కువ చేసి రాశారు. నన్ను బాధపెట్టేది ఈ చివరి విషయం. అంత చిన్న పిల్లలు, ముక్కూమొహం తెలియని మరో పిల్లవాడి దగ్గర కూడా ఆ పేరు కాపాడుకోవాలనుకున్నారు.

జీనియస్ అన్న పేరున్న పిల్లకు ప్రతి కష్టమైన లెక్కా ఆ పేరు పోగొట్టే ప్రమాదమే. ప్రయత్నించకపోతే పేరు మిగులుతుంది. మీ అమ్మాయి చేస్తున్నది బద్ధకంతో కాదని నా అభిప్రాయం. తనకున్న విలువైన వస్తువును దాచుకుంటోంది.

అలాగని రేపటి నుంచి 'కష్టపడ్డావు, కష్టపడ్డావు' అని మొదలుపెట్టకండి. కష్టపడనప్పుడు ఆ మాటంటే పిల్లలు ఇట్టే పసిగడతారు. మెచ్చుకోవడం కాస్త తగ్గించి, చూసింది చూసినట్టు చెప్పండి: 'మొదటి దారి కుదరకపోతే ఇంకోలా మొదలుపెట్టావు కదా, ఆ ఆలోచన ఎలా వచ్చింది?' తనకు రాని లెక్క ముందు మీరూ కూర్చోండి. మీకూ రాకపోతే రాలేదనండి, ఇద్దరూ కలిసి వెతకండి. తప్పు చేశాక కూడా మనిషి మామూలుగానే ఉంటాడని తను మీలో చూడాలి. ఒక సాయంత్రం మార్కుల ఊసు లేని సమయంలో, 'మేము నీ మార్కుల గురించే ఎక్కువ మాట్లాడాం. అవి తగ్గినా నువ్వు మాకు తగ్గవు' అని ఒక్కసారి చెప్పండి. రోజూ చెప్పొద్దు, ప్రసంగంలా చెప్పొద్దు.

ఇంకో సంగతి మర్చిపోకండి. మార్పు హఠాత్తుగా వచ్చి ఉంటే స్కూల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా, నిద్ర సరిగా ఉందా, స్నేహితుల మధ్య ఏమైనా జరిగిందా అని మెల్లగా కనుక్కోండి. నేను చెప్పినదంతా ఆ కారణాలేవీ లేనప్పుడే.

ప్రశ్న: నాకు 28. సేల్స్ నుంచి డేటా అనాలిసిస్ ఉద్యోగంలోకి మారాను. నాకంటే చిన్నవాళ్లు నిమిషాల్లో చేసే పని నాకు గంటలు పడుతోంది. పూర్తిగా ఆత్మవిశ్వాసం పోయింది. ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి, చిన్నప్పటి గాయాలు ఏమైనా ఉన్నాయేమోనని వెతుక్కుంటున్నాను. ఏమీ గుర్తురావడం లేదు. థెరపీకి వెళ్లాలా?

జవాబు: గుర్తురానిదాన్ని తవ్వకండి తమ్ముడూ. ప్రతి బెరుకుకీ మూలం బాల్యంలో ఉండదు. మీకు పని ఇంకా రాదు, అందుకే నమ్మకం లేదు. ఇది మీ మనసు చెప్తున్న నిజం, రోగం కాదు.

ఆల్బర్ట్ బందూరా అనే సైకాలజిస్ట్ 1977లో, ఒక పని చేయగలనన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని రాశారు: స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఇతరులు చెప్పే ధైర్యం, శరీరం ఇచ్చే సంకేతాలను మనం అర్థం చేసుకునే తీరు. అన్నిటికంటే బలమైనది మొదటిది. పాములంటే విపరీతమైన భయం ఉన్నవాళ్లతో చేసిన ప్రయోగంలో, వేరేవాళ్లు పామును పట్టుకుంటే చూసినవాళ్లకంటే, పక్కన మనిషి సాయంతో తామే పట్టుకున్నవాళ్లలో నమ్మకం ఎక్కువ పెరిగింది.

కాబట్టి వీడియోలు ఆపి పని చేతిలోకి తీసుకోండి. మీ గంటలన్నీ ఎక్కడ పోతున్నాయో ఒక వారం రాయండి. బహుశా రెండు మూడు చోట్లే ఎక్కువ పోతుంటాయి: రెండు టేబుళ్లు కలపడమో, తేదీల ఫార్మాట్ సరిచేయడమో, ఎర్రర్ మెసేజ్ అర్థం కాకపోవడమో. ఒక్కటి ఎంచుకుని అది చేతికి వచ్చేదాకా చేయండి. సాయం అడగాల్సింది టీమ్‌లో అందరికంటే వేగంగా చేసేవాళ్లని కాదు. ఏడాది కిందట మీలాగే తడబడినవాళ్లని అడగండి. ఎక్కడ ఇరుక్కుంటారో వాళ్లకింకా గుర్తుంటుంది. పని వచ్చాక కూడా ఇదే బెరుకు ఉంటే అప్పుడు రాయండి, అప్పుడు వేరేగా మాట్లాడుకుందాం.

ప్రశ్న: పెళ్లయి తొమ్మిదేళ్లు. నలుగురిలో నేనేదైనా చెప్తే మావారు 'దీనికేం తెలుసు' అని నవ్వుతారు. లెక్కలు, నిర్ణయాలు నా చేతికి రానివ్వరు. ఒకప్పుడు ఉద్యోగంలో పదిమందిని నడిపించినదాన్ని, ఇప్పుడు ఫోన్‌లో ఒక కంప్లయింట్ ఇవ్వాలన్నా చేతులు చల్లబడుతున్నాయి. ఆత్మవిశ్వాసం పెంచుకునే పుస్తకాలు చెప్పండి.

జవాబు: అమ్మా, పుస్తకాలు చెప్పను. మీలో లోపం ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. పదిమందిని నడిపించిన మనిషి చేతులు చల్లబడ్డాయంటే, మధ్యలో తొమ్మిదేళ్లపాటు ఎవరో ఆ వేడిని తీసేశారు. రోజూ 'నీకు తెలీదు' అని వినేచోట ఎవరికైనా అనుమానం పుడుతుంది. కారణం మీ ఎదురుగా ఉంది. దాన్ని మీ లోపల వెతకొద్దు.

ఎవరూ లేనప్పుడు, ఆయన స్థిమితంగా ఉన్న సమయం చూసి ఒకే సంఘటన గురించి చెప్పండి. పాత లెక్కలన్నీ తీయకండి. 'ఆ రోజు అందరి ముందు నా మాటకు నవ్వారు. నాకు అవమానంగా అనిపించింది. ఇకపై అలా అనొద్దు.' తర్వాత ఆయన ఏం చేస్తారో గమనించండి. తెలియక చేసినవాళ్లు కాస్త నొచ్చుకుని మారే ప్రయత్నం చేస్తారు. 'నీకు జోక్ కూడా అర్థం కాదు' అని ఇంకా ఎక్కువ చేసేవాళ్లకు తాము చేస్తున్నది తెలుసు. ఆ తేడా మీకు తెలియడం చాలా అవసరం, తర్వాత ఏం చేయాలన్నది దాని మీదే ఆధారపడుతుంది.

ఈలోగా ఆయన ఆమోదం అవసరం లేని ఒక పని మీ చేతిలో పెట్టుకోండి. మీతో పనిచేసిన పాత సహోద్యోగుల్లో ఒకరికి ఫోన్ చేయండి. మీరెలా పనిచేసేవారో చూసినవాళ్లు వాళ్లు. మీ సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు మీకు అందేచోట ఉంచుకోండి. బెదిరింపు గానీ చేయి చేసుకోవడం గానీ ఉంటే, నేను పైన చెప్పిన సంభాషణ మీరు ఒంటరిగా మొదలుపెట్టొద్దు. ముందు మీకు నమ్మకమైన ఒకరికి జరుగుతున్నదంతా చెప్పండి, మహిళలకు సాయం చేసే సంస్థనో లాయర్‌నో కలవండి. ఇలాంటిచోట మీ ధైర్యం కంటే మీ భద్రత నాకు ముఖ్యం.

ప్రశ్న: నాకు 46. ఎప్పుడూ ధైర్యంగానే ఉండేవాణ్ణి. మూడు నెలలుగా చిన్న నిర్ణయానికి కూడా భయం. నిద్ర సరిగా లేదు, ఒళ్లంతా నీరసం, ఇష్టమైన పనుల మీదా ఆసక్తి లేదు. మోటివేషన్ క్లాసులో చేరమని స్నేహితులు అంటున్నారు.

జవాబు: క్లాసు కంటే ముందు డాక్టరును కలవండి. ఏ కారణమూ కనిపించకుండా ఉన్న ధైర్యం పోయి, దానితోపాటు నిద్ర, ఓపిక, ఆసక్తి కూడా పోతే అది డిప్రెషన్ కావచ్చు. రెండు వారాలకు మించి ఇలా ఉంటే చాలు, చూపించుకోవాలి. మీకు మూడు నెలలైంది. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, రక్తహీనత ఉన్నా ఇలాంటి నీరసమే ఉంటుంది, మామూలు రక్త పరీక్షలతో తెలుస్తుంది. ఈమధ్య కొత్తగా ఏవైనా మందులు మొదలుపెట్టి ఉంటే ఆ చీటీ కూడా తీసుకెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా డాక్టరుకు దాచకుండా చెప్పండి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆరోజే వెళ్లండి. ఒంటరిగా వెళ్లాలనిపించకపోతే, క్లాసులో చేరమన్న ఆ స్నేహితుల్లో ఒకరిని వెంట రమ్మనండి.